యంత్రం నడిపించిన మూడు వారాలు

తెలుగులో 'నడుచు' అన్న క్రియ మీద మనం మోపినంత బరువు మరే క్రియ మీదా మోపలేదేమో అనిపిస్తుంది నాకు. బండి నడుస్తుంది, బడి నడుస్తుంది, వ్యాపారం నడుస్తుంది, ఆఖరికి కాలమూ నడుస్తుంది. మనిషి గుణాన్ని నడత అన్నాం, నడవడి అన్నాం. పూట గడవడమే కష్టమైనవాడు కూడా పలకరిస్తే "ఏదో అలా నడుస్తోందండీ" అంటాడు. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలులో తెలుగు చెప్పినవాణ్ణి కనుక మాటల వెంట ఇలా పోవడం నాకు వృత్తిరోగం. కానీ గత ఏడేళ్ళుగా ఈ క్రియ నాకు వ్యాకరణ విషయంగా మిగలలేదు. మా మేనకోడలి కొడుకు, నాకు మనవడు, ఇప్పుడు ఎనిమిదేళ్ళవాడు, నడవలేడు. ఇంకా సరిగా చెప్పాలంటే, లోకం దేన్ని నడక అంటుందో ఆ పద్ధతిలో నడవలేడు. వాణ్ణి చూసిన ప్రతివారూ, చుట్టాలైనా, దారిన పోయేవారైనా, అడిగే ప్రశ్న ఒక్కటే: "నడుస్తాడా?" ఏం చదువుతున్నాడని గాని, ఏ ఆట ఇష్టమని గాని అడిగినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మా కుటుంబం ఒక యంత్రం దాకా వెళ్ళివచ్చింది. ఆ యంత్రం చేసే పని గురించీ, చేయలేని పని గురించీ నాకు తెలిసినంత వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇటువంటి బిడ్డలున్న ఇళ్ళు మన ఊళ్ళలో తక్కువేమీ కాదు. వారిలో ఒక్కరికైనా ఈ టపా పనికివస్తే చాలు.

ముందు ఊరి సంగతి చెప్పాలి. పాలకాయతిప్ప పేరు చాలామంది వినే ఉంటారు. దివిసీమలో, కోడూరు మండలంలో, హంసలదీవికి ఆవల సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. కృష్ణమ్మ పాయ సాగరంలో కలిసే చోటు చూడవచ్చేవారు హంసలదీవిలో వేణుగోపాలస్వామిని దర్శించుకొని ఇటు వస్తారు. మాఘ పౌర్ణమినాడు సముద్రస్నానాలకు వచ్చే జనంతో ఇక్కడ ఇసుక కనబడదు. ఆ సందడి తీసేస్తే మిగిలిన ఏడాదంతా ఉండేవి గాలి, మడ అడవులు, రొయ్యల చెరువులు, వేటకు వెళ్ళి వచ్చే పడవలు, చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు.

చూడవచ్చినవారికి అందంగా కనబడే ఈ నేల నడకకు మాత్రం చాలా కఠినమైనది. ఇంటి ముందు ఇసుక, ఇంటి వెనుక చౌడు. చెరువు గట్టు వాన పడితే జారుతుంది, ఎండ కాస్తే పెళ్ళలుగా లేస్తుంది. సిమెంటు రోడ్డు ఉన్నంత మేర ఏ ఇబ్బందీ లేదు; అది దిగితే చక్రం తిరగదు. రెండు కాళ్ళూ బాగున్నవాడే చూసి అడుగు వేయవలసిన చోట మా మనవడు పెరుగుతున్నాడు.

వాడు నెలలు నిండకుండా, ముప్పైయొకటో వారంలో పుట్టాడు. చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. బతికి బయటపడ్డాడన్న సంతోషంలో మిగిలినవేవీ ఎవరికీ తోచలేదు. ఏడాది దాటినా కూర్చోలేదు. నిలబెడితే మునివేళ్ళ మీద లేచేవాడు, రెండు కాళ్ళూ కత్తెరలా పెనవేసుకునేవి. ఏడాదిన్నర వయసులో వైద్యులు పేరు చెప్పారు: సెరిబ్రల్ పాల్సీ. తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నారు. అందులో ముఖ్యంగా కాళ్ళు బిగుసుకుపోయే రకం. ఇంగ్లండు వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లో లండన్‌లో ప్రసూతి వైద్యుల సంఘం ముందు, కష్టమైన కాన్పులకూ, నెలలు నిండని పుట్టుకకూ, పిల్లల కాళ్ళ బిగువుకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. అందుకే చాలాకాలం దీన్ని లిటిల్ వ్యాధి అనేవారు.

ఇందులో తల్లిదండ్రులు గ్రహించవలసిన కీలకం ఒకటుంది. మెదడుకు తగిలిన దెబ్బ అక్కడితో ఆగిపోతుంది, పెరగదు. ఒళ్ళు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎముక పొడవు సాగినంత వేగంగా బిగిసిన కండరం సాగదు. అందువల్ల నాలుగేళ్ళప్పుడు వంగిన మోకాలు ఎనిమిదేళ్ళకు ఇంకా వంగుతుంది, తుంటి కీలు గూటిలోంచి జరిగే ప్రమాదమూ ఉంటుంది. వీరిలో దాదాపు మూడోవంతు పిల్లలకు తుంటి జరుగుతుందని లెక్క. కనుక నొప్పి లేకపోయినా వైద్యుడు చెప్పిన గడువుకు తుంటి ఎక్స్‌రే తీయించుకోవాలి.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 1997లో ఈ పిల్లల కదలికను అయిదు స్థాయులుగా విభజించారు. ఒకటో స్థాయివారు పరుగెత్తగలరు, అయిదో స్థాయివారికి మెడ నిలపడమే కష్టం. మావాడు మూడో స్థాయి. అంటే చేతితో పట్టుకునే వాకరు వంటి ఆధారంతో ఇంట్లో, బడిలో కొద్దిదూరం నడుస్తాడు, దూరానికి చక్రాల కుర్చీ కావాలి. ఈ విషయం ఫిజియోథెరపిస్టు మాకు వాడి నాలుగో ఏటనే చెప్పారు. మా మేనకోడలు విన్నది. అల్లుడు మాత్రం వినీ విననట్టు ఊరుకున్నాడు. మూడో స్థాయి నుంచి రెండుకూ, రెండు నుంచి ఒకటికీ మెట్లున్నాయని, కష్టపడితే ఎక్కవచ్చనీ ఆయన లోలోపల నమ్మాడు. తండ్రి కదా.

అటువంటి రోజుల్లో అల్లుడి ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. చిన్నపిల్లవాడొకడు చక్రాల చట్రంలో నిలబడి ఉన్నాడు. వాడి కాళ్ళ పక్కన మోటార్లున్న మరకాళ్ళు. అవి కదులుతుంటే పిల్లవాడు గది దాటి, వసారా దాటి, తోటలోకి నడిచి వెళుతున్నాడు. అది ట్రెక్సో అనే కెనడా కంపెనీ చేసిన పరికరం. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన మన్‌మీత్ మగ్గూ, వాటర్లూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు, ఇండియాలో ఉన్న తన దగ్గరి బంధువుల పిల్లవాడికి ఇదే జబ్బు అని తెలిసి ఆ పనికి పూనుకున్నాడు. అల్లుడు ఆ వీడియోను ఎన్నిసార్లు చూశాడో చెప్పలేను. చెరువు గట్టు మీద ఏరేటర్లు తిరుగుతుంటే, రాత్రి కాపలాలో కూర్చొని, అదే చూసేవాడట.

ఆ పరికరం మనకు అందేది కాదు. కానీ మన నగరాల్లో నడక నేర్పే రోబోలున్న ఆసుపత్రులు కొన్ని ఉన్నాయని వాకబులో తెలిసింది. 2024 వేసవిలో ఆ పంట రొయ్యలు అమ్మిన డబ్బు చేతిలో ఉండగానే మూడు వారాలకు, పదిహేను సెషన్లకు మాట్లాడుకున్నారు. చెరువు వదిలి అల్లుడు రాలేడు. మేనకోడలికీ పిల్లవాడికీ తోడుగా నేను వెళ్ళాను. పింఛనుదారుకు అంతకంటే పనేముంది!

యంత్రాన్ని చూసేటప్పటికి నాకు మొదట కలిగిన భావం భయం. గది మధ్యలో ట్రెడ్‌మిల్, అంటే వెనక్కి జరిగే పట్టా. దాని పైన ఒక దూలం. దూలానికి వేలాడే పట్టీలు. ఇరువైపులా ఉక్కు కాళ్ళు, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మోటార్లు. ఈ తరహా యంత్రం మొదట స్విట్జర్లాండులో తయారైంది. 1990లలో జ్యూరిక్ నగరపు బాల్‌గ్రిస్ట్ ఆసుపత్రిలో వెన్నుపూస దెబ్బతిన్నవారికి పట్టా మీద నడక నేర్పేవారు. రోగిని పైనుంచి పట్టీలతో వేలాడదీసి, ఇద్దరు థెరపిస్టులు చెరొకవైపు కింద కూర్చొని, చేతులతో చెరొక కాలూ ఎత్తి ముందుకు వేసేవారు. రోగికంటే ముందు వారి నడుములు అలసిపోయేవి. ఆ నడుము నొప్పికి జవాబుగా గెరీ కొలంబో అనే ఇంజనీరూ ఆయన సహచరులూ మోటారు కాళ్ళు తయారుచేశారు. లోకోమాట్ అన్న పేరుతో అది ఆసుపత్రులకు చేరింది. తరువాత కొన్నేళ్ళకు పిల్లల కొలతలకు సరిపడే చిన్న కాళ్ళు వచ్చాయి. అదే కోవలో, మ్యాన్‌హోళ్ళలోకి మనిషి దిగనక్కరలేకుండా బ్యాండికూట్ అనే యంత్రం చేసిన తిరువనంతపురం కంపెనీ జెన్‌రోబోటిక్స్, జి-గైటర్ అనే నడక యంత్రాన్ని మన దేశంలోనే తయారుచేసింది.

మొదటి రోజంతా కొలతలకే సరిపోయింది. తొడ పొడవు, పిక్క పొడవు, నడుము వెడల్పు. దర్జీ దగ్గర నిలబడ్డట్టు మావాడు బుద్ధిగా నిలబడ్డాడు. రెండోనాడు పట్టీలు బిగించి, బరువులో కొంత పైదూలం మోసేట్టు చేసి, యంత్రాన్ని కదిలించారు. వాడి ఎదుట తెర. తెరలో ఒక బొమ్మపిల్లవాడు అడవిదారిలో నడుస్తూ నాణేలు ఏరుకుంటాడు.

ఉక్కు కాళ్ళు లేచాయి. వాటితోపాటు వాడి కాళ్ళూ లేచాయి. మడమ ముందు ఆనింది, తరువాత పాదం, తరువాత మునివేళ్ళు. కత్తెర లేదు, ముణుకులు రాసుకోలేదు. మా మేనకోడలు గోడకు ఆనుకొని, పమిట నోటికి అడ్డం పెట్టుకొని చూస్తోంది. తన కడుపున పుట్టినవాడు నిటారుగా నడుస్తుంటే ఎలా ఉంటాడో ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు.

సెషను అయ్యాక పిల్లవాణ్ణి ఎలా ఉందిరా అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "తాతయ్యా, నా కాళ్ళు నన్ను అడక్కుండా వెళ్ళిపోతున్నాయి" అన్నాడు.

ఆ మాట విని థెరపిస్టు నవ్వలేదు. "సరిగ్గా చెప్పాడండీ" అంది. "మొదట్లో మొత్తం పని యంత్రమే చేస్తుంది. అలాగే వదిలేస్తే వాడు నిద్రపోతున్నా కాళ్ళు నడుస్తూనే ఉంటాయి. అందులో మెదడు నేర్చుకునేది తక్కువ. రేపటి నుంచి దాని సాయం తగ్గిస్తాను. అప్పుడు కాళ్ళు వాణ్ణి అడుగుతాయి."

ఈ చికిత్సలో అసలు కిటుకు ఇదేనని నాకు ఆ మూడు వారాల్లో బోధపడింది. యంత్రం ఎంత బలంతో కాలిని నడిపించాలో తగ్గించుకుంటూ రావచ్చు. పిల్లవాడు తనంతట తాను ఎంత తోస్తున్నాడో మోటార్ల దగ్గర ఉన్న కొలత పరికరాలు పసిగడతాయి. వాడు తోస్తేనే తెరలో బొమ్మ వేగంగా నడుస్తుంది, నాణెం దొరుకుతుంది. ఊరుకుంటే బొమ్మ వెనకబడుతుంది. సాయం తగ్గించిన రోజున మావాడు పది నిమిషాలకే చెమటతో తడిసిపోయాడు. అయినా ఆపమనలేదు. నాణేల మీద ఆశ!

లెక్కల మీద నాకూ ఆశ ఉంది కనుక ఒకనాడు కూర్చొని లెక్క వేశాను. పట్టా వేగం గంటకు కిలోమీటరున్నర. అరగంటకు 750 మీటర్లు. వాడి అడుగు పట్టా మీద రమారమి 35 సెంటీమీటర్లు. అంటే రెండు వేల పైచిలుకు అడుగులు. ఇంటి దగ్గర వాకరుతో వాడు రోజంతా వేసేవి వందల్లోనే ఉండేవి. యంత్రం ఇచ్చే అసలైన వరం ఈ సంఖ్యే. ఏ థెరపిస్టూ అన్నిసార్లు, అంత క్రమంగా, అలసిపోకుండా కాలు కదిలించలేదు.

మరి మామూలు పిల్లలు నడక నేర్చుకునేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తారు? అమెరికాలో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని కారెన్ అడాల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో ఇదే లెక్కపెట్టింది. 2012లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న పిల్లలు స్వేచ్ఛగా ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు. ఆ గంటలోనే సగటున 17 సార్లు పడతారు. మొదటి సంఖ్యను యంత్రం దాదాపుగా అందుకుంది. రెండో సంఖ్య యంత్రంలో సున్నా. అది పడనివ్వదు. పడకుండా చూడడమే దాని సుగుణం, అదే దాని పరిమితి. పిల్లవాడు తూలినప్పుడు చేయి ఎటు చాచాలో, నేల ఎటు వాలుగా ఉందో, ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో పట్టా మీద నేర్చుకునే అవకాశం లేదు. పట్టా ఎప్పుడూ చదునే, దారి ఎప్పుడూ సూటే.

పదిహేను సెషన్లు అయ్యాయి. మొదటి రోజు వాకరుతో ఆరు నిమిషాల్లో 90 మీటర్లు నడిచినవాడు చివరి రోజు 118 మీటర్లు నడిచాడు. నడుము నిటారైంది, తొందరగా అలసిపోవడం తగ్గింది. ఇంటికి వచ్చిన మూడు నెలలకు కొలిస్తే 105. పెరిగినదాంట్లో కొంత నిలిచింది, కొంత కరిగింది. స్థాయి మూడు మూడుగానే ఉంది.

ఒక్క పిల్లవాడి అనుభవం శాస్త్రం కాదు కనుక పెద్ద పరిశోధనలు ఏమంటున్నాయో చెప్పడం న్యాయం. యంత్రసాయంతో నడిపించే చికిత్సల మీద 2020లో కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. 17 అధ్యయనాలు, 451 మంది పాల్గొన్నవారు. శరీరపు బరువును పట్టీలతో మోయిస్తూ నడిపించిన పద్ధతిలో, మామూలు నేల మీద అంతే మోతాదులో నడిపించినదానితో పోలిస్తే, నడక వేగంలో గాని శరీర కదలికలో గాని చెప్పుకోదగ్గ తేడా పెద్దగా కనబడలేదని దాని సారాంశం. హాని కూడా కనబడలేదు. పదేపదే అభ్యాసం చేయించడానికి, మామూలు నేల మీద అంతసేపు నడవలేని బిడ్డకు, ఇది ఒక మార్గం. అంతకుమించి అద్భుతం కాదు. మా థెరపిస్టు కూడా చివరి రోజున ఇదే చెప్పింది. "వీలైతే మళ్ళీ రండి, మంచిదే. కానీ ఈ అరగంట కంటే మిగిలిన రోజంతా వాడు ఏం చేస్తాడన్నదే పెద్ద సంగతి" అంది.

ఇంటికి వచ్చాక అసలు సమస్య మొదలైంది. వీడియోలో చూసినదాన్ని కొడుకులో చూసిన అల్లుడు ఇక ఆగలేకపోయాడు. చెరువును వేరేవారికి కౌలుకిచ్చేసి నగరానికి మకాం మార్చేద్దామన్నాడు. డ్రైవరు పని చేసుకుంటానన్నాడు. వారానికి అయిదు రోజులు యంత్రం, ఏడాదంతా. ఆయన లెక్క ప్రకారం పదిహేను సెషన్లకు 28 మీటర్లు పెరిగితే రెండు వందల సెషన్లకు ఎంత పెరగాలి? బళ్ళో త్రైరాశికం అలాగే చెబుతాం. దేహానికి మాత్రం త్రైరాశికం వర్తించదు.

ఆ రాత్రి పంచలో కూర్చొని చాలాసేపు మాట్లాడుకున్నాం. మా మేనకోడలు పదో తరగతి దాకా చదివింది. తక్కువ మాట్లాడుతుంది. "మావయ్యా, వాడు అక్కడ రోజూ రెండు వేల అడుగులు వేశాడు కదా. వేసి ఎక్కడికి వెళ్ళాడు? ఎక్కినచోటే దిగాడు" అంది. మళ్ళీ తనే, "వాడికి కావలసిన చోట్లు నాలుగే. దొడ్లోకి, బళ్ళోకి, రోడ్డు మీదికి, వాడి జట్టు పిల్లలు ఆడుకునే చోటికి. ఆ నాలుగింటికీ వాడు తనంతట తాను వెళ్ళగలిగితే నాకు చాలు. అక్కడికి పోయి మనం కాపురం పెడితే ఆ నాలుగో చోటు ఎక్కడ తెచ్చిపెడతారు?" అంది.

అల్లుడు ఆ రాత్రి జవాబు చెప్పలేదు. లేచి చెరువు దగ్గరకు వెళ్ళిపోయాడు.

చదువురాని మాట అనుకోకండి. కెనడాకు చెందిన పీటర్ రోజెన్‌బామ్, యాన్ విల్లెం గోర్టర్ అనే ఇద్దరు వైద్యులు 2012లో సరిగ్గా ఈ మాటనే శాస్త్ర పరిభాషలో వ్రాశారు. వికలాంగులైన పిల్లల చికిత్సలో చూడవలసినవి ఆరు అన్నారు: పని జరగడం, కుటుంబం, ఒంటి సత్తువ, సరదా, స్నేహితులు, భవిష్యత్తు. పని మామూలు పద్ధతిలో జరిగిందా లేదా అన్నది ముఖ్యం కాదు, జరిగిందా లేదా అన్నదే ముఖ్యమన్నారు. మన దేశంలో, అందునా పల్లెల్లో, ఈ ఆరింటిలో మనం అడిగేది మొదటిదే. అందులోనూ ఒక్క క్రియ.

చివరకు వాళ్ళు ఊళ్ళోనే ఉండిపోయారు. మకాం మార్పుకు ఖర్చయ్యే డబ్బులో కొంత పెట్టి ఇంటి గుమ్మం నుంచి రోడ్డు దాకా నలభై అడుగుల సిమెంటు బాట పోయించారు. దొడ్లోకి ఇంకో చిన్న బాట, గోడకు ఇనుప గొట్టం పట్టు. శరీరానికి వెనుకవైపు ఉండే వాకరు కొన్నారు. అది ముందుకు వాలిపోకుండా నిటారుగా నిలబెడుతుంది. సమగ్ర శిక్షా కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ దొరుకుతుంది. ఆ రోజున తప్పక తీసుకువెళతారు. ఇంటి దగ్గర పీట మీద నుంచి లేవడం, కూర్చోవడం. లేచిన ప్రతిసారీ పైనున్న గూట్లోంచి ఒక గవ్వ తీసి డబ్బాలో వేయడం. తెరలో నాణేలకు బదులు మా తీరంలో గవ్వలు. రోజుకు యాభై. సాయం తగ్గించుకుంటూ రావాలి, పిల్లవాడే తోయాలి, చాలాసార్లు చేయాలి అన్న మూడు సూత్రాలనూ యంత్రం దగ్గర నేర్చుకొని వచ్చింది మా మేనకోడలు. ఆ మూడు వారాల ఖర్చు వృథా అని నేను ఎన్నడూ అనుకోను.

చక్రాల కుర్చీ విషయంలోనే అల్లుడికి నచ్చచెప్పడం కష్టమైంది. కుర్చీ కొనడమంటే నడక మీద ఆశ వదులుకోవడమని ఆయన భయం. ఈ భయం చాలా ఇళ్ళలో ఉంది. కానీ మూడో స్థాయి పిల్లలు ఎదిగి ఒళ్ళు బరువెక్కేకొద్దీ, యవ్వనంలోకి వచ్చేసరికి, కదలికలో కొంత కోల్పోయే అవకాశం ఉందని 2009లో వెలువడిన కెనడా పరిశోధన చెబుతోంది. బడికి చేరేలోపే సత్తువంతా ఖర్చయితే చదువుకు ఏం మిగులుతుంది? దూరానికి కుర్చీ, దగ్గరకు నడక. బడికి కుర్చీలో వెళ్ళిన మొదటి రోజున మావాడు తరగతిలో చివరిదాకా మెలకువగా ఉన్నాడని టీచరుగారు చెప్పారు. ఆ మాటతో అల్లుడు మెత్తబడ్డాడు.

ఇదంతా చదివి నేను యంత్రానికి వ్యతిరేకినని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. నా కోరిక దానికి విరుద్ధం. ఆ యంత్రం బందరులో ఉండాలి. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తిరువనంతపురంలో జనరల్ ఆసుపత్రిలో, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలోనే, 2024లో జి-గైటర్‌ను పెట్టారు. అటువంటిది మనకూ ఉంటే, ఏడాదికి ఒకసారి మూడు వారాలు, ఎదుగుదలలో కాళ్ళు బిగుసుకున్నప్పుడో, శస్త్రచికిత్స తరువాత కండ మళ్ళీ పుంజుకోవలసినప్పుడో, దివిసీమ పిల్లలు అవనిగడ్డలో బస్సెక్కి వెళ్ళివస్తారు. చెరువు కౌలుకివ్వనక్కరలేదు. యంత్రం ఊరికి దగ్గరగా ఉంటే అది చికిత్స. దూరంగా ఉంటే అది వలస.

ఈలోపు ఉన్నవాటినైనా వాడుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మస్తిష్క పక్షవాతం పేరు ఉంది. ధ్రువపత్రం ఉంటే 2024 జూలై నుంచి పెరిగిన నెలకు ₹6,000 పింఛను వస్తుంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఖర్చు భరిస్తుంది, అందులో థెరపీ కూడా ఉంది. మా చుట్టుపక్కల ఇళ్ళలో వీటి పేరు వినని తల్లులే ఎక్కువమంది కనబడ్డారు.

నడక ఎందుకు అన్న ప్రశ్నకు మా తీరంలో ఇంకొక జవాబు కూడా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడ్డప్పుడు నాకు పదహారేళ్ళు. వేలమంది పోయారు. పరుగెత్తగలిగినవారికే పరుగెత్తే చోటు లేదు. మంచాన ఉన్నవారినీ, ఎత్తుకోవలసినవారినీ గురించి చెప్పనక్కరలేదు. అందుకే గాలివాన కబురు వచ్చినప్పుడల్లా నాకు మొదట గుర్తుకువచ్చేది వీడే.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంతకుముందే తీరపు ఊళ్ళను ఖాళీ చేయమన్నారు. ఆటో రోడ్డు మీద ఆగి ఉంది. గాలి, వాన తుంపర. అల్లుడు వాణ్ణి ఎత్తుకోబోయాడు. "నాన్నా, నువ్వు సంచులు పట్టుకో" అని వాడు వాకరు మీద చేతులు వేశాడు. వాకరుతో వాడి అడుగు రమారమి అడుగు పొడవే ఉంటుంది. నలభై అడుగుల బాట, నలభై అడుగులు. మూడుచోట్ల ఆగాడు. ఆటో దగ్గర వాళ్ళ నాన్న వాకరు మడిచి పైన కట్టాడు. షెల్టరులో ఆ రాత్రి నాకు ఫోను చేసి అల్లుడు ఈ సంగతి చెప్పాడు. ఆయన నగరం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆదివారాలు నేను అవనిగడ్డ నుంచి వెళుతుంటాను. సాయంత్రం పూట, అల తీసి ఇసుక గట్టిపడిన చోట, వాణ్ణి దింపుతారు. కాళ్ళకు స్ప్లింట్లు, ఒకవైపు తండ్రి చేయి, మరోవైపు నా చేతికర్ర. తడి ఇసుక మీద పడితే దెబ్బ తగలదు. పడిన ప్రతిసారీ వాడే లేవాలని ఒప్పందం. మేము చేయి అందించవచ్చు గాని లాగకూడదు. జట్టు పిల్లలు చుట్టూ పరుగులు తీస్తూ ఉంటారు. ఇది వైద్యమని ఎవరికీ సలహా ఇవ్వను. థెరపిస్టును అడిగే మొదలుపెట్టాం.

వాడికి అడుగులు లెక్కపెట్టడం మీద ఆసక్తి పోయింది. పడినవి లెక్కపెడుతున్నాడు. మొన్న ఇంటికి వస్తూ, ఒంటినిండా ఇసుకతో, గొప్పగా చెప్పాడు: "తాతయ్యా, ఇవ్వాళ పదకొండు. అన్నీ నేనే లేచాను."